పుట్టింటివాళ్ళు మరిచారు... పొరుగువాళ్ళు దాచారు!

ఆమె మొహం ఎలా ఉండేదో ఎవరికీ తెలీదు. ఏ ఊళ్ళో ఉండేదో తెలీదు. సమాధి ఎక్కడుందో తెలీదు. అయినా జపాన్‌లో ఆరో తరగతి పిల్లల్ని అడగండి, ఠక్కున ఆమె పేరు చెప్తారు. హిమికో మహారాణి! 1,700 ఏళ్ళు దాటినా మాసిపోని ఆ పేరు వెనక ఉన్న కథ ఇది.

మీ అమ్మ పేరు మీకు తెలుసు. అమ్మమ్మ పేరూ తెలుసు. అమ్మమ్మ వాళ్ళమ్మ పేరు? కాస్త ఆలోచించాలి. ఆవిడ తల్లి పేరు? ఇహ అక్కడితో ఆగిపోతాం. ముత్తాతగారి పేరైతే ఏ పొలం దస్తావేజులోనో దొరుకుతుంది. ముత్తవ్వ పేరు ఎక్కడని వెతుకుతాం? ఆవిడ పెట్టిన పులిహోర పోపు చేతులు మారుతూ మారుతూ మన దాకా వచ్చేసింది గానీ, పేరు మాత్రం దారిలోనే ఎక్కడో జారిపోయింది.

అలాంటిది, క్రీస్తు శకం మూడో శతాబ్దంలో బతికిన ఒక ఆడమనిషిని ఇవాళ్టికీ ఒక దేశం దేశమంతా తలుచుకుంటోందంటే ఆశ్చర్యంగా లేదూ? ఆవిడ తన గురించి తను ఒక్క ముక్క రాసుకోలేదు. తనవాళ్ళూ రాయలేదు. మరి పేరు ఎలా మిగిలింది? అదే చెప్పబోతున్నాను.

42 మందిలో మొదటి పేరు

జపాన్‌లో ఆరో తరగతి పిల్లలు చరిత్రలో తప్పక తెలుసుకోవాలని అక్కడి విద్యాశాఖ 42 మంది పేర్లు సూచించింది. రాజులు, సేనాపతులు, బౌద్ధ గురువులు, చిత్రకారులు, డాక్టర్లు అందరూ ఉన్నారందులో. ఆ వరసలో అందరికంటే ముందున్న పేరు హిమికోది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ 42 మందిలో ఆడవాళ్ళు ముగ్గురే ముగ్గురు! మిగతా ఇద్దరు మురసాకి షికిబు, సెయ్ షోనాగన్. ఇద్దరూ రచయిత్రులే, వెయ్యేళ్ళ కిందట రాజభవనంలో కొలువు చేసినవాళ్ళు. వాళ్ళ రచనలు ఉన్నాయి కాబట్టి వాళ్ళ పేర్లు ఉన్నాయి. హిమికోకి ఆ ఆధారం కూడా లేదు.

రాజు కుదరక రాణి

జపాన్‌ని అప్పట్లో చైనావాళ్ళు ‘వా’ దేశం అనేవారు. ఒక్క దేశం కాదు లెండి, చిన్నా పెద్దా కలిపి చాలా రాజ్యాలు. చైనాతో రాకపోకలున్నవే ముప్ఫై దాకా ఉండేవట. చైనాలో ఆ రోజుల్లో వెయ్, షు, వు అని మూడు రాజ్యాలు ఒకదానితో ఒకటి కొట్టుకుంటున్నాయి. ఆ కాలం కథంతా చెన్ షౌ (233–297) అనే చరిత్రకారుడు ‘మూడు రాజ్యాల చరిత్ర’ అనే పెద్ద గ్రంథంగా రాశాడు. అందులో ఒక మూల, వా దేశం గురించి ఓ రెండు వేల చైనా అక్షరాలున్నాయి. మన వారపత్రికలో అయితే రెండు మూడు పేజీలకు మించదు. హిమికో గురించి లోకానికి తెలిసిందంతా దాదాపు ఆ కాస్తలోదే!

అందులో ఏముందంటే... వా దేశంలో అంతకుముందు డెబ్భై ఎనభై ఏళ్ళపాటు మగవాడే రాజుగా ఉండేవాడు. తర్వాత రాజ్యాల మధ్య తగువులు మొదలయ్యాయి. ఏళ్ళ తరబడి యుద్ధాలు. ఎవరూ ఎవరి మాటా వినరు. చివరికి అలిసిపోయి, అందరూ కలిసి ఒక స్త్రీని రాణిగా నిలబెట్టుకున్నారు. ఆవిడే హిమికో. రాజధాని యమతాయి అనే చోట. అక్కడ 70 వేల ఇళ్ళు ఉండేవట!

ఆవిడ కత్తి పట్టి రాజ్యం గెలుచుకోలేదు. తండ్రి చనిపోతే వారసురాలిగానూ రాలేదు. కొట్టుకుంటున్నవాళ్ళందరికీ ఆమోదమైన ఒకే ఒక్క మనిషిగా వచ్చింది. పదిమంది ఉన్న ఇంట్లో మగవాళ్ళు గట్ల దగ్గరా వాటాల దగ్గరా మాటా మాటా అనుకుని మొహాలు తిప్పేసుకుంటే, చివరికి ఏ మేనత్తో కూర్చోబెట్టి సర్దిచెప్పడం మనకి తెలియంది కాదు కదా.

గుమ్మం దాటని రాణి

మరి అంతమందిని ఎలా అదుపులో పెట్టింది? దేవతల్నీ ఆత్మల్నీ పిలిచి మాట్లాడగల శక్తి ఉందని జనం నమ్మేవారట. చైనావాడు ఆ సంగతి కాస్త వెటకారంగానే రాశాడు, మంత్రతంత్రాలతో జనాన్ని వశం చేసుకుందని. ఆవిడ వయసొచ్చిన మనిషే. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడు పక్కనుండి పరిపాలన వ్యవహారాలు చూసేవాడు.

గద్దెనెక్కాక ఆవిడని కళ్ళారా చూసినవాళ్ళు చాలా తక్కువ. చుట్టూ ఎత్తైన మంచెలు, కర్రల కోట, ఆయుధాలు పట్టుకున్న కాపలావాళ్ళు. లోపల సేవకి వెయ్యిమంది ఆడవాళ్ళు! మగవాడు మాత్రం ఒకే ఒక్కడు. అన్నపానాలు అందించడం, ఆవిడ మాట బయటికి చేరవెయ్యడం అతని పని. వెయ్యిమంది ఆడవాళ్ళుండగా అన్నం పెట్టడానికి మగవాడేమిటో! ఇంతకీ ఆ అన్నం వండిందెవరో చెన్ షౌ రాయలేదు. అది మనం అడగాల్సిన ప్రశ్నే.

అల్లం ఉంది... వాడడం తెలీదు!

వంటిల్లు ప్రస్తావన వచ్చింది కాబట్టి ఆ కాలం తిండీ బట్టా ఎలా ఉండేవో కూడా చూద్దాం. వాళ్ళు వరి పండించేవారు. జనపనార లాంటి నార తీసేవారు. మల్బరీ ఆకు మేపి పట్టుపురుగులు పెంచి, సన్నని పట్టు నేసేవారు. ఆడవాళ్ళ బట్ట మరీ సులువు. దుప్పటిలాంటి గుడ్డకి మధ్యలో కంత పెట్టి తల దూర్చుకోవడమే. చైనా ఆడవాళ్ళు పౌడరు రాసుకున్నట్టు వీళ్ళు ఒంటికి ఎర్రరంగు పూసుకునేవారట. కాళ్ళకి చెప్పుల్లేవు.

ఎండాకాలం, చలికాలం అని లేకుండా పచ్చి కూరలు తినేవారు. కాళ్ళున్న పళ్ళేల్లో పెట్టుకుని చేత్తో తినేవారు, అచ్చం మనలాగే. జపాన్ అనగానే పుల్లలతో తినడం గుర్తొస్తుంది కదా, ఆ అలవాటు వాళ్ళకి అప్పటికి లేదన్నమాట. ఇంకో మాట వింటే మీకు నవ్వొస్తుంది. ఆ దేశంలో అల్లం ఉంది, నారింజ జాతి పళ్ళున్నాయి, ఘాటైన మిరియాల్లాంటి గింజలున్నాయి గానీ, వాటితో వంటకి రుచి తేవచ్చని వాళ్ళకి తెలీదని చైనావాడు రాసుకున్నాడు. పొరుగింటి వంటకి వంక పెట్టడం ఈనాటిది కాదన్నమాట!

ఇంట్లో ఎవరైనా పోతే పది రోజులకు పైగా మైల. ఆ రోజుల్లో మాంసం ముట్టరు. దహనం లేదు, పూడ్చిపెట్టడమే. అదయ్యాక ఇంటిల్లిపాదీ నీళ్ళలో మునిగి స్నానం చేస్తారు. ఏదైనా పని మొదలెట్టేముందు ఎముకని కాల్చి, దాని మీద వచ్చిన పగుళ్ళు చూసి శకునం చెప్పుకుంటారు. పెద్దింటి మగవాళ్ళకి నలుగురైదుగురు భార్యలు, మామూలువాళ్ళకి కూడా కొందరికి ఇద్దరో ముగ్గురో. అయినా ఆ ఆడవాళ్ళకి అసూయ అనేదే లేదని రాశాడు చెన్ షౌ. రాసింది మగవాడు, అదీ అక్కడికి వెళ్ళకుండా, వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పింది పట్టుకుని. అసూయ ఉందో లేదో ఆ ఇంటి ఆడవాళ్ళని అడిగితే కదా తెలిసేది!

నూరు అద్దాల సారె

హిమికో గుమ్మం దాటకపోయినా ఆవిడ చూపు మాత్రం సముద్రం దాటింది. క్రీ.శ. 239లో వెయ్ రాజ్యపు చక్రవర్తి దగ్గరికి రాయబారుల్ని పంపింది. కానుకగా రెండు తానుల పైచిలుకు నేత గుడ్డ, వాటితో పాటు పదిమంది బానిసలు. నలుగురు మగవాళ్ళు, ఆరుగురు ఆడవాళ్ళు.

ఇచ్చింది కొంచెమే, వచ్చింది మాత్రం కొండంత. ‘వెయ్‌కి మిత్రురాలైన వా దేశపు ప్రభువు’ అనే బిరుదు, ఊదారంగు పట్టుతాడు కట్టిన బంగారు ముద్ర. ఎర్రని పట్టుబట్టలు, బంగారం, రెండు పొడవాటి కత్తులు, ముత్యాలు, సింధూరం, వీటన్నిటితో పాటు నూరు కంచు అద్దాలు! ఇవన్నీ నీ ప్రజలకి చూపించు, మా అండ నీకుందని తెలియాలి అని చక్రవర్తి కబురు పెట్టాడు. పెద్దింటి నుంచి వచ్చిన సారె వాకిట్లో పెట్టి నలుగురికీ చూపించడం లాంటిదే. పక్క రాజ్యాలవాళ్ళు ఒకసారి చూస్తే చాలు, నోళ్ళు మూతపడతాయి. చుట్టూ తగువులున్న ఆడమనిషికి ఆ బలం ఎంత అవసరమో ఆవిడకి బాగా తెలుసు. 243లో మళ్ళీ మనుషుల్ని పంపింది. 247లో కునా అనే శత్రు రాజ్యంతో పోరు ముదిరితే ఆ కబురూ చేరవేసింది.

ఆవిడ పేరు బతకడానికి అసలు కారణం ఇదే. చైనా దర్బారులో వచ్చినవాళ్ళ వివరం, తెచ్చిన వస్తువు, ఇచ్చిన వస్తువు అన్నీ లెక్క రాసేవారు. ఆ లెక్కల్లో పడి ఆవిడ పేరు మిగిలిపోయింది. ఆ పేరు రాయడానికి వాళ్ళు వాడిన మొదటి అక్షరానికి ‘అల్పం’ అనే అర్థముంది. విదేశీయుల పేర్లు అలా చులకనగా రాయడం వాళ్ళకి అలవాటే. అసలు అది పేరు కూడా కాదేమో, ‘సూర్యుడి కూతురు’ అనే అర్థమొచ్చే బిరుదేమో అని కొందరు పండితులంటారు.

నూరుమంది తోడు

ఆ గొడవల సమయంలోనే హిమికో కన్నుమూసింది. నూరు అంగలకు పైగా వెడల్పుతో పెద్ద మట్టిదిబ్బ వేసి సమాధి కట్టారు. ఆవిడతో పాటు నూరుమందికి పైగా సేవకులు, ఆడా మగా, సమాధిలోకి వెళ్ళారని చెన్ షౌ రాశాడు. చదువుతుంటే గుండె ఝల్లుమంటుంది. బంగారు ముద్ర లెక్కకొచ్చింది, అద్దాలు లెక్కకొచ్చాయి. ఈ నూరుమందిలో ఒక్కరి పేరూ రాలేదు. చైనాకి కానుకగా వెళ్ళిన ఆ ఆరుగురు ఆడవాళ్ళ పేర్లూ రాలేదు. హిమికోని మెచ్చుకునేటప్పుడు వీళ్ళని మరిచిపోతే అది సగం కథే అవుతుంది.

తర్వాత ఒక మగవాణ్ణి రాజుగా కూర్చోబెట్టారు. ఎవరూ ఒప్పుకోలేదు. మళ్ళీ కొట్లాటలు. వెయ్యిమందికి పైగా చనిపోయారు. అప్పుడు హిమికో బంధువుల్లో ఒక అమ్మాయిని తెచ్చి రాణిని చేశారు. పేరు ఇయో, కొందరు తోయో అని చదువుతారు. వయసు పదమూడేళ్ళు! దేశం మళ్ళీ సద్దుమణిగింది.

సొంత పుస్తకంలో లేని పేరు

ఇంత చేసిన రాణి పేరు జపాన్‌వాళ్ళు తమ చరిత్రలో బంగారు అక్షరాలతో రాసుకుని ఉంటారనుకుంటాం. అదే లేదు! జపాన్‌లో మిగిలిన అతి పాత చరిత్ర గ్రంథాలు రెండు. 712లో తయారైన ‘కోజికీ’, 720లో తయారైన ‘నిహోన్ షోకీ’. రెండిట్లోనూ హిమికో పేరు లేదు.

తెలియక రాయలేదా అంటే, కాదు. ‘నిహోన్ షోకీ’ రాసినవాళ్ళ ముందు చైనా గ్రంథం ఉంది. అందులోంచి ముక్కలు ఎత్తి రాశారు కూడా. ‘వా దేశపు రాణి రాయబారిని పంపింది’ అని రాసి, ఆ రాణి పేరు మాత్రం వదిలేశారు. ఆ ముక్కల్ని జింగూ అనే మరో మహారాణి కథలో ఇరికించారు. ఈ జింగూ కడుపుతో ఉండగానే సముద్రం దాటి కొరియాని జయించి వచ్చిందని పురాణం. అది జరిగిందనడానికి చరిత్రకారులకి ఆధారం దొరకలేదు. అయినా 1881లో జపాన్ కరెన్సీ నోటు మీద ఆవిడ బొమ్మే వేశారు. ఆ దేశపు నోటు మీద మొదటి ఆడమనిషి బొమ్మ అదే!

హిమికోని ఎందుకు వదిలేశారు? పరాయి చక్రవర్తికి కానుకలు పంపి బిరుదు తీసుకున్న రాణి తమ రాజవంశం గొప్పకి అడ్డమనిపించి ఉంటుందని పండితుల అభిప్రాయం. పద్దెనిమిదో శతాబ్దంలో మొతోరి నొరినాగా అనే మహా పండితుడైతే మరో అడుగు వేశాడు. ఆ రాయబారుల్ని పంపింది అసలు రాణే కాదు, క్యూషూలోని ఎవరో నాయకుడు జింగూ పేరు వాడుకుని చైనాని మోసం చేశాడన్నాడు. వింత చూడండి, స్కూలు పిల్లల ఆ 42 పేర్లలో ఈ నొరినాగా కూడా ఉన్నాడు. హిమికో తర్వాత ఎక్కడో వెనక వరసలో!

రెండో ప్రపంచ యుద్ధం దాకా జపాన్ బడి పుస్తకాల్లో దేవుళ్ళ కథలు, జింగూ కథలే చరిత్రగా చెప్పేవారు. 1945లో యుద్ధంలో ఓడిపోయాక పుస్తకాలు మార్చారు. పురాణాన్ని పక్కకి పెట్టి, రాతపూర్వకమైన ఆధారం ఉన్నవాళ్ళని ముందుకి తెచ్చారు. అప్పుడు మొట్టమొదట నిలబడింది పొరుగువాళ్ళు దాచిపెట్టిన ఈ పేరే.

చూపు లేని భర్త, దారి చూపిన భార్య

పేరు దొరికింది సరే, ఇల్లెక్కడ? చెన్ షౌ దారి కూడా రాశాడు. ఇక్కణ్ణుంచి పడవలో ఇన్ని రోజులు, అక్కణ్ణుంచి దక్షిణంగా నీటి మీద పది రోజులు, నేల మీద ఒక నెల అని. తీరా ఆ లెక్క ప్రకారం వెళ్తే జపాన్ దాటి నడిసముద్రంలో తేలుతాం! దక్షిణం కాదు, తూర్పు అని రాయబోయి పొరపాటు పడ్డాడు, యమతాయి అంటే ఇప్పటి నారా ప్రాంతమే అని ఒక వర్గం. దిక్కు సరైనదే, దూరం లెక్కే తప్పు, అది క్యూషూ దీవిలోనే అని ఇంకో వర్గం. 1910లో షిరతోరి కురాకిచి, నైతో కొనాన్ అనే ఇద్దరు పెద్ద ప్రొఫెసర్లు ఎదురెదురుగా నిలబడి మొదలెట్టిన వాదం ఇంకా తెగలేదు.

పండితుల వాదం మామూలు ఇళ్ళలోకి రావడానికి కారణం ఒక జంట. క్యూషూలోని షిమబారాలో రైల్వే కంపెనీ నడిపిన మియజాకి కొహెయికి చూపు పోయింది. హిమికో రాజ్యం ఎక్కడుందో కనిపెట్టాలన్నది ఆయన పట్టుదల. కళ్ళు లేకుండా పాత గ్రంథాలెలా చదువుతాడు? భార్య కజుకో చదివి వినిపించింది. మ్యాపు చూడలేడని, చేత్తో తడిమితే తెలిసేలా పటాలు తయారు చేసింది. ఆయన చెయ్యి పట్టుకుని ఊరూరా తిప్పింది. ఆయన చెప్తుంటే రాసింది. అలా 1967లో వచ్చిన పుస్తకం దేశాన్ని ఊపేసింది. అదే ఏడాది కొత్తగా పెట్టిన యోషికావా ఎయిజి సాంస్కృతిక బహుమతి వచ్చింది. ఆయన ఒక్కడికే కాదు, భార్యాభర్తలిద్దరి పేరు మీదా! 2008లో ఈ జంట కథ సినిమాగా వచ్చింది. కజుకో పాత్ర ప్రసిద్ధ నటి యోషినాగా సయురి వేసింది.

షిమబారాయే యమతాయి అన్న ఆయన వాదాన్ని పండితులు ఒప్పుకోలేదు. కానీ ఆ పుస్తకం తర్వాత గుమాస్తాలు, టీచర్లు, గృహిణులు కూడా చైనా గ్రంథం ముందేసుకుని హిమికో ఇల్లు వెతకడం మొదలెట్టారు.

రెండు వేల పీచ్ టెంకలు

అప్పటి నుంచి ఎక్కడ గునపం దిగినా హిమికో పేరే. 1989లో క్యూషూలోని యోషినోగారిలో కందకాలు, మంచెలు ఉన్న పాత ఊరు బయటపడితే జనం తండోపతండాలుగా వెళ్ళారు. చెన్ షౌ రాసిన మంచెలు, కర్రల కోట ఇవేనని క్యూషూ వర్గం సంబరపడింది.

1998లో నారా ప్రాంతంలోని కురొజుకా సమాధిలో ఒకే రకం కంచు అద్దాలు 33 దొరికాయని బయటికొచ్చింది. హిమికోకి వచ్చిన నూరు అద్దాలు ఇవేనా? అలాంటివి జపాన్ మొత్తం మీద ఐదు వందలకు పైగా దొరికేసరికి ఆ లెక్కా తప్పింది. వచ్చింది నూరు, దొరికింది ఐదు నూర్లు! అచ్చు చూసి అచ్చు పోసినట్టు మన దగ్గరా నగలు చేయిస్తాం కదా, అలా ఇక్కడే చేయించారేమో అంటారు కొందరు.

2009లో నారా ప్రాంతపు సకురాయి ఊళ్ళో, మకిముకు అనే చోట, 19 మీటర్ల పొడవూ 12 మీటర్ల వెడల్పూ ఉన్న పెద్ద భవనం ఆనవాళ్ళు దొరికాయి. మూడో శతాబ్దం మొదటి సగానిది. మరుసటి ఏడాది దాని పక్కనే ఒక గుంటలో రెండు వేలకు పైగా పీచ్ పండ్ల టెంకలు! అన్ని పండ్లు తిని పారేసినవి కాదు, పూజకి పెట్టినవై ఉంటాయన్నారు. పరీక్ష చేయిస్తే ఆ టెంకలు క్రీ.శ. 135 నుంచి 230 మధ్యవని 2018లో తేలింది. హిమికో కాలానికి సరిపోయే లెక్కే.

ఆ పక్కనే హషిహాకా అనే పెద్ద సమాధి దిబ్బ ఉంది. పొడవు దాదాపు 280 మీటర్లు. దీనికో కథ ఉంది. మొమొసో అనే రాకుమారికి ఒక దేవుడు భర్త. రాత్రిళ్ళు మాత్రమే వచ్చేవాడు. ఒక్కసారి నీ రూపం చూపించమంటే, పొద్దున్నే నీ దువ్వెన పెట్టెలో చూడు, కానీ జడుసుకోకు అన్నాడు. తెల్లారి మూత తీస్తే లోపల చిన్న అందమైన పాము! ఆమె కెవ్వుమంది. దేవుడు అవమానపడి కొండ మీదికి వెళ్ళిపోయాడు. ఆమె కూలబడిపోయి, అన్నం తినే పుల్లలు గుచ్చుకుని చనిపోయిందట. ఆ పుల్లల్ని ‘హషి’ అంటారు, అందుకే సమాధికి ఆ పేరు. పగలు మనుషులు, రాత్రిళ్ళు దేవుళ్ళు దాన్ని కట్టారంటారు. దేవతలతో సంబంధమున్న ఈ రాకుమారే హిమికో అని, సొంత పుస్తకంలో పేరు మార్చుకుని కూర్చుందని కొందరి నమ్మకం. 2009లో అక్కడి కుండపెంకులు పరీక్షించిన బృందం ఆ సమాధి 240–260 మధ్యదని చెప్పింది. అందరూ ఆ లెక్క ఒప్పుకోలేదు. తవ్వి చూస్తే తేలిపోతుందిగా అంటారేమో! అది రాజవంశపు సమాధుల్లో ఒకటి, తవ్వడానికి వీల్లేదు. 2013లో కొందరు పరిశోధకుల్ని చుట్టూ నడిచి చూడనిచ్చారు, అంతే.

2023లో మళ్ళీ ఒక ఆశ. యోషినోగారిలో అన్నాళ్ళూ తవ్వని చోట ఒక రాతి శవపేటిక బయటపడింది. మూత తీస్తుంటే దేశమంతా టీవీల ముందు, పేపర్ల ముందు కాసుక్కూర్చుంది. లోపల మట్టి, కాస్త ఎర్రరంగు. ఎముక లేదు, అద్దం లేదు, ముద్ర లేదు. ఇంకెక్కడో ఉండే ఉంటుందని మళ్ళీ గునపాలు అందుకున్నారు.

బొమ్మకి పట్టాభిషేకం, మనిషికి...

జపాన్‌లో ఇప్పుడు హిమికో లేని చోటు లేదు. 1967లో తెజుకా ఒసాము తన ‘ఫీనిక్స్’ బొమ్మల కథలో ఆవిణ్ణి చావంటే భయపడే ముసలి రాణిగా గీశాడు. 1974లో సినిమా తీశారు. 1982 నుంచి నారా ప్రాంతంలోని యమతోకోరియామా ఊళ్ళో ‘హిమికో రాణి’ పోటీ మొదలైంది. టోక్యో నది మీద తిరిగే ఒక పడవకీ ఆవిడ పేరే పెట్టారు.

మరి హిమికో లాంటి ఆడపిల్ల ఇవాళ సింహాసనమెక్కగలదా? లేదు! జపాన్ చరిత్రలో ఎనిమిదిమంది స్త్రీలు చక్రవర్తి స్థానంలో కూర్చున్నారు. కానీ 1889లో చట్టం చేసి ఆ తలుపు మూసేశారు. 1947లో వచ్చిన కొత్త చట్టం కూడా దాన్ని తెరవలేదు. చక్రవర్తి నరుహితోకి ఒక్కతే కూతురు, 2001లో పుట్టిన ఐకో. ఆడపిల్ల కాబట్టి వారసత్వం లేదు. ఈ చట్టం మార్చమని 2024 అక్టోబర్‌లో ఐక్యరాజ్య సమితి మహిళల కమిటీ సిఫార్సు చేస్తే జపాన్ ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. 2025 అక్టోబర్‌లో ఆ దేశానికి మొట్టమొదటి మహిళా ప్రధానిగా తకాయిచి సనాయె వచ్చింది. ఆవిడది నారా ప్రాంతమే. ఆవిడ కూడా సింహాసనం మగ వారసులదే అనే పక్షం! అంటే ఆరో తరగతి పుస్తకంలో మొదటి పేరు ఆడమనిషిది, అదే దేశపు సింహాసనం మీద ఆడమనిషికి చోటు లేదు.

ఒక పేజీ చాలు

హిమికో కథంతా విన్నాక నాకు అనిపించింది ఒకటే. ఆవిడ గొప్పది కాబట్టి పేరు మిగల్లేదు. ఎవరో ఒకరు రాశారు కాబట్టి మిగిలింది. సొంతవాళ్ళు కావాలని వదిలేసినా, రాసినవాడు చిన్నచూపుతో రాసినా, రాయడమంటూ జరిగింది కాబట్టే 1,700 ఏళ్ళ తర్వాత కూడా జనం ఆవిడ ఇల్లు వెతుకుతున్నారు. ఆవిడతో సమాధిలోకి వెళ్ళిన ఆ నూరుమందికి ఆ మూడక్షరాల భాగ్యం కూడా దక్కలేదు.

మన ముత్తవ్వలు రాణులు కాకపోవచ్చు. వాళ్ళ కోసం ఎవరూ దిబ్బలు తవ్వరు. కానీ ఇంట్లో పెద్దావిడ ఎవరైనా ఉంటే ఈ ఆదివారం పనంతా అయ్యాక పక్కన కూర్చోండి. వాళ్ళమ్మ పేరు, వాళ్ళ అమ్మమ్మ పేరు, ఏ ఊరివాళ్ళో, ఏం బాగా వండేవారో అడగండి. మీ వంటల నోటుపుస్తకంలో చివరి పేజీ ఖాళీగానే ఉంటుంది కదా, అక్కడ రాసిపెట్టండి. ఇలాంటివి మనింట్లో మనం కాక ఇంకెవరు రాస్తారు చెప్పండి?